పొత్తికడుపు నొప్పి, ఇంటి వైద్యం: నోట్‌బుక్ పట్టుకుని గడిపిన ఆరు నెలలు

జనవరి 9న స్కాన్ రిపోర్టు చేతికొచ్చింది. గర్భాశయం, అండాశయాలు అన్నీ మామూలుగానే ఉన్నాయని రాశారు. మూత్ర పరీక్షలోనూ ఇన్ఫెక్షన్ లేదు. బొడ్డు కింద రోజూ పోటు పెడుతుంటే కాగితం మీద మాత్రం ఏమీ లేదు. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. అప్పటికి నొప్పి మొదలై ఎనిమిది నెలలు. ఆరు నెలలు దాటిన పొత్తికడుపు నొప్పిని దీర్ఘకాలిక నొప్పి కింద లెక్కేస్తారని ఆ రోజే తెలిసింది.

ఇంటి వైద్యం గురించి చెబుతానని డాక్టరుతో మొదలుపెట్టానేమిటని అనుకోవద్దు. ఈ వరుస తలకిందులైతే ప్రమాదం. డాక్టరు చెప్పినవి నోట్‌బుక్ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, జ్వరంతో కలిసి వచ్చే నొప్పి, నెల తప్పి ఉండగా ఒక పక్క నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం: వీటికి ఆ గంటే ఆస్పత్రికి పోవాలి. దుర్వాసనతో తెల్లబట్ట, కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక మళ్ళీ రక్తం, మూత్రంలోనో మలంలోనో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం: వీటికి ఆ వారంలోనే చూపించుకోవాలి. ఇలాంటప్పుడు కాపడాలతో కాలక్షేపం చేయకూడదు.

ఇంకో విషయం కూడా స్పష్టంగా చెప్పారు. స్కాన్ బాగుంది అంటే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు) లేదని కాదు. పొట్ట లోపలి గోడ పొర మీద చిన్న చిన్న మచ్చల్లా ఉండే రకం మామూలు స్కాన్‌కు చాలాసార్లు దొరకదు. "ఎప్పుడు వస్తోంది, ఎక్కడ వస్తోంది, దేని తర్వాత పెరుగుతోంది, ఈ మూడూ రాసుకుని రండమ్మా. మిగతాది అప్పుడు మాట్లాడదాం" అన్నారు.

మొదటి నెల: రాయడం తప్ప ఏమీ చేయలేదు

ఇది అన్నిటికన్నా కష్టమైన నెల. తెలిసినవాళ్ళు చెప్పిన చిట్కాలు పది ఉన్నాయి, ఒక్కటీ ముట్టుకోలేదు. రోజుకు మూడుసార్లు, 0 నుంచి 10 మధ్య ఒక అంకె. పక్కన నెలసరిలో అది ఎన్నో రోజో (రక్తం కనిపించిన రోజు 1). నొప్పి ఎక్కడ: మధ్యలోనా, కుడి పక్కా, ఎడమ పక్కా, నడుమా, కూర్చునే ఎముకల మధ్యా. విరేచనం సాఫీగా అయిందా, ముక్కాల్సి వచ్చిందా. మూత్రానికి ఎన్నిసార్లు వెళ్ళాను, మూత్రాశయం నిండేకొద్దీ నొప్పి పెరిగి, వెళ్ళొచ్చాక తగ్గుతోందా. ఎన్ని గంటలు కూర్చున్నాను. నిద్ర ఎలా పట్టింది. అన్నీ కలిపి రెండు నిమిషాల పని.

నా నొప్పంతా నెలసరిదేననుకునేదాన్ని. నెల తిరిగేసరికి పేజీలు వేరే మాట చెప్పాయి. నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకా 7, 8. అదొక కొండ. కానీ మిగతా రోజుల్లోనూ ఉదయం 1 ఉన్నది సాయంత్రానికి 5 అవుతోంది. పడుకుంటే తగ్గి, కూర్చుంటే పెరిగే నొప్పి చాలాసార్లు కండరాలది. ముక్కాల్సి వచ్చిన మర్నాడు ఇంకో అంకె పెరుగుతోంది. అంటే నొప్పి ఒకటే అనిపించినా, దారులు మూడు. ఇన్నాళ్ళూ ఏ చిట్కా చేసినా సగమే పనిచేయడానికి కారణం ఇదే. మూడింటికీ ఒకే మందు కోసం వెతికాను.

అక్కడి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఒకసారి ఒకటే మొదలుపెట్టాలి, కనీసం రెండు వారాలు చూడాలి. రెండు కలిపి మొదలుపెడితే తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు, పెరిగినా అంతే.

ఫిబ్రవరి: కాపడం

వేడినీళ్ళ బ్యాగు వాడటంలో ఏం తెలియాలిలే అనుకున్నాను. తెలియాల్సినవి చాలానే ఉన్నాయి. సలసల మరిగే నీళ్ళు నేరుగా పోయకూడదు, కాసిన్ని చన్నీళ్ళు కలపాలి. మూడింట రెండు వంతులే నింపి, బ్యాగును బల్ల మీద పడుకోబెట్టి, నీళ్ళు మూతి దాకా వచ్చేలా మెల్లగా నొక్కి గాలి పోగొట్టి, అప్పుడు మూత బిగించాలి. గాలి ఉండిపోతే బుడగలా ఉబ్బి పొట్ట మీద నిలవదు, జారిపోతుంది. తువ్వాలు ఒక చుట్టు చుట్టాలి. 15 నుంచి 20 నిమిషాలు చాలు. దాని మీద బరువేసి పడుకోకూడదు, దాన్ని పెట్టుకుని నిద్రపోకూడదు. మూతి దగ్గర రబ్బరు పగుళ్ళు కనిపిస్తే ఆ బ్యాగు పారేయాల్సిందే.

ఎక్కడ పెట్టాలన్నది కూడా నోట్‌బుక్కే తేల్చింది. నెలసరి నొప్పికి పొత్తికడుపు మీద పెడితే హాయి. సాయంత్రపు నొప్పికి మాత్రం అక్కడ పెట్టినా పెద్దగా తేడా లేదు. నడుము కింద, తోకఎముక పైనుండే వెడల్పాటి ఎముక మీద పెడితే పది నిమిషాల్లో రెండు అంకెలు దిగేది. గోరువెచ్చటి కన్నా కాస్త వేడిగా ఉన్న నీళ్ళ టబ్బులో 10 నుంచి 15 నిమిషాలు కూర్చున్నా అంతే ఫలితం. నీళ్ళలో ఏమీ కలపక్కర్లేదు.

నెలాఖరున అద్దంలో చూసుకుంటే పొట్ట మీద వల అల్లినట్టు గోధుమరంగు గీతలు. భయపడిపోయాను. కాలిన నొప్పి లేదు, బొబ్బ లేదు. రోజుకు ఐదారుసార్లు, ఒక్కోసారి గంట పైన పెట్టుకున్న ఫలితం అది. చర్మం కాలేంత వేడి లేకపోయినా, అదే చోట రోజూ తగిలితే ఇలాంటి మచ్చలు వస్తాయట. అప్పుడే తగ్గిస్తే నెలల మీద వెలిసిపోతాయి, అలాగే కొనసాగిస్తే ఉండిపోతాయి. అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు, అదీ 5 దాటిన రోజుల్లోనే.

నెలసరి కొండకు కాపడంతోపాటు డాక్టరు రాసిన ఐబుప్రొఫెన్ ఉంది. అందులో నేను చేస్తున్న తప్పు, నొప్పి 8కి చేరాక వేసుకోవడం. గర్భాశయాన్ని మెలిపెట్టే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా ఆపడం ఆ మాత్ర పని. అవి తయారై పని మొదలుపెట్టాక వేసుకుంటే ఆలస్యమైనట్టే. మొదటి గుర్తు కనిపించగానే, ఏదైనా తిన్నాక, రాసిన మోతాదులోనే వేసుకుంటే అదే మాత్ర రెట్టింపు పనిచేసినట్టనిపించింది. కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భం అనుమానం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా దీని జోలికి పోకూడదు.

తర్వాతి నెలసరికి సొంఠి కూడా చేర్చాను. పావు టీస్పూను పొడి అంటే సుమారు అర గ్రాము. మొదటి మూడు రోజులు రోజుకు మూడుసార్లు, వేడి నీళ్ళలో. నెలసరి నొప్పికి అల్లం మీద జరిగిన పరీక్షల్లో రోజుకు ముప్పావు గ్రాము నుంచి రెండు గ్రాముల దాకా వాడారు కాబట్టి ఇది ఆ లోపలే. పరగడుపున తాగితే గుండెల్లో మంట భగ్గుమంది, తిన్నాక తాగితే లేదు. 8 కాస్తా 7 అయింది, అంతకన్నా కాదు. నెలసరి లేని రోజుల్లో రెండు వారాలు తాగి చూశాను, ఏమీ లేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు సొంఠిని కూడా మందులాగే చూడాలి, అడిగే వాడాలి.

మార్చి: ఎదురుతిరిగింది

"కింది కండరాలు బలహీనపడి ఉంటాయి, కీగెల్ వ్యాయామాలు చెయ్యి" అని ఎవరిని అడిగినా చెప్పారు. మార్చి 3న మొదలుపెట్టాను. మూత్రం ఆపుకున్నట్టు బిగించి, ఐదు లెక్కపెట్టి వదలడం, పదిసార్లు, రోజుకు మూడు విడతలు. శ్రద్ధగా చేశాను. నాలుగో రోజుకు సాయంత్రం అంకె 6. ఇంకా బాగా చేయాలనుకుని పెంచాను. పదో రోజుకు 7. కూర్చుంటే కూర్చునే ఎముకల మధ్య గోల్ఫ్ బంతి మీద కూర్చున్నట్టుంది. మూత్రం మొదలవడానికి కూడా కాసేపు పట్టేది.

అప్పుడు ఆపేసి, కటి (తుంటి ఎముకల మధ్య భాగం) కండరాలు చూసే ఫిజియోథెరపిస్టు కోసం అడిగితే ఐదు వారాల తర్వాత, ఏప్రిల్ 18కి దొరికింది. ఆ ఐదు వారాలు కాపడం, నడక తప్ప ఏమీ చేయలేదు. అంకె మెల్లగా 5కి దిగింది.

పరీక్ష గురించి చాలామందికి భయం ఉంటుంది కనుక చెబుతాను. మొదటి అరగంట ప్రశ్నలే. తర్వాత బయటి నుంచి పొట్ట, తుంటి, తొడల లోపలి వైపు నొక్కి చూశారు. ఆ తర్వాత లోపలి పరీక్ష: గ్లౌజు వేసుకుని ఒక్క వేలితో, అడిగి, ఏం చేస్తున్నారో ముందే చెబుతూ. వద్దంటే బయటి పరీక్షతోనే ఆపుతామన్నారు. కుడి పక్క గోడ మీద ఒక చోట నొక్కగానే, ఇన్ని నెలలుగా నేను అండాశయం నొప్పి అనుకుంటున్నది అక్షరాలా అక్కడ లేచింది. అది అండాశయం కాదు, తుంటిని తిప్పే కండరం. కటి లోపలి గోడకు ఆనుకుని ఉంటుంది. నా ఏడుపు నొప్పికి కాదు, దానికో చోటు దొరికినందుకు.

"ఇవి బలహీనంగా లేవండీ, వదలడం మర్చిపోయాయి" అన్నారామె. నొప్పి వస్తుందని బిగపట్టడం, బిగపడితే నొప్పి రావడం, ఈ చక్రం నెలల తరబడి తిరిగింది. బిగుసుకున్న పిడికిలికి బలం రావాలని ఇంకా బిగించమన్నట్టు నేను కీగెల్ చేశాను. దగ్గితే మూత్రం జారేవాళ్ళకు అదే వ్యాయామం మేలు చేస్తుంది. నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం ఎవరైనా పరీక్షించి చెప్పేదాకా మొదలుపెట్టకపోవడమే మంచిదని నా ఉద్దేశం.

వదలడం నేర్చుకోవడం

ఆమె నేర్పిన మొదటి పని ఊపిరి. చూడ్డానికి ఏమీ చేయనట్టే ఉంటుంది.

నేల మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద పెట్టాలి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు కింద. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చాలి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. పీల్చినప్పుడు పొట్ట మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీదిది దాదాపు కదలకూడదు. ఊపిరి లోపలికి వెళ్ళినప్పుడు ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న కండరపు తెర కిందికి దిగుతుంది, దాంతోపాటు కటి అడుగున ఉండే కండరాలూ కిందికి దిగాలి. ఎలా తెలుస్తుంది? మూత్రం ధార మొదలయ్యే ముందు ఒక వదులు తెలుస్తుంది చూడండి, అది. ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు.

నేను చేసిన తప్పులు మూడు. పొట్టను బలవంతంగా ఉబ్బించాను. వదులు చేయమంటే ముక్కాను, ఇంకా నొప్పెట్టింది. ఇక పళ్ళు బిగపట్టి చేస్తున్నానని ఆమె చూసి చెప్పేదాకా నాకే తెలియలేదు. దవడ వదిలితే కిందా వదులుతుంది, ఇది నమ్మబుద్ధి కాదు గానీ చేసి చూస్తే తెలుస్తుంది. తల తేలినట్టుంటే ఊపిరి మరీ లోతుగా, గబగబా తీస్తున్నట్టు. మామూలు ఊపిరికి వచ్చేసి కాసేపాగాలి.

దానికి తోడు మూడు భంగిమలు. బాలాసనం (మోకాళ్ళ మీద కూర్చుని ముందుకు వాలడం), మోకాళ్ళు ఎడంగా, ఛాతీ కింద దిండు, నిమిషం చొప్పున మూడుసార్లు. వెల్లకిలా పడుకుని అరికాళ్ళు కలిపి మోకాళ్ళు రెండు పక్కలా దిండ్ల మీదికి వదిలేయడం, మూడు నిమిషాలు. మోకాళ్ళ కింద దిండు లేకపోతే తొడలు బిగుస్తాయి, ఉన్న లాభమూ పోతుంది. మూడోది, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ఛాతీ వైపు తెచ్చి ఎడం చేసి పాదాలు పట్టుకోవడం. పాదాలు అందకపోతే తొడల వెనక పట్టుకుంటే చాలు. ఊగకూడదు. మర్నాటికి కూడా నొప్పి రెండు అంకెలు ఎక్కువే ఉంటే సగానికి తగ్గించాలి.

టెన్నిస్ బంతి కూడా ఇచ్చారు. గోడకు ఆనుకుని పిరుదు పక్క భాగంలో మెత్తగా ఉన్న చోట పెట్టి అర నిమిషం నుంచి నిమిషం దాకా బరువు ఆన్చాలి. ఎముక మీద కాదు. కాలి కిందికి జివ్వుమంటే నరం మీద ఉన్నట్టు, వెంటనే జరపాలి.

మూడు వారాలు నోట్‌బుక్‌లో ఏ మార్పూ లేదు. మానేద్దామనుకున్న వారంలోనే, 24వ రోజు సాయంత్రం, మొదటిసారి 3 రాశాను. తప్పు రాశానేమోనని రాత్రి మళ్ళీ చూసుకున్నాను.

పేగు, మూత్రాశయం

మే నెలంతా విరేచనం మీద పెట్టాను. కమోడ్ ముందు జానెడు ఎత్తు పీట, దాని మీద పాదాలు, మోకాళ్ళు తుంటి కన్నా పైకి, మోచేతులు తొడల మీద. పొద్దున తిన్న అరగంటలోపు వెళ్ళి కూర్చోవాలి, పేగు తనంతట తానే కదిలే సమయం అది. పది నిమిషాల్లో అవకపోతే లేచి రావాలి. ఫోన్ బయటే.

ఇసబ్‌గోల్ రోజుకు అర టీస్పూనుతో మొదలుపెట్టి, వారం తిరిగేసరికి ఒక టీస్పూను చేశాను. పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి, జిగురయ్యేలోపు తాగేసి, మీద ఇంకో గ్లాసు నీళ్ళు. నీళ్ళు చాలకపోతే అదే గొంతులోనో పేగులోనో అడ్డం పడుతుంది. వేరే మందులుంటే రెండు గంటలు ఎడం పెట్టాలి. మొదటి వారం పొట్ట ఉబ్బి నొప్పి ఒక అంకె పెరిగింది. ఇక్కడే చాలామంది మానేస్తారు. రెండో వారానికి ఉబ్బరం పోయింది, ముక్కడం పోయింది, దాంతో మర్నాటి నొప్పీ పోయింది.

మూత్రానికి రోజుకు 13 సార్లు వెళ్తున్నానని నోట్‌బుక్ చూశాకే తెలిసింది. సగం సార్లు నిజంగా వచ్చి కాదు, బయటికెళ్ళే ముందు ఎందుకైనా మంచిదని. ముందు నీళ్ళు తగ్గించి చూశాను, అది తప్పు. మూత్రం చిక్కబడితే మూత్రాశయం ఇంకా మండుతుంది. దీనికోసమే కాఫీ కూడా ఒక్కరోజులో మానేసి రెండు రోజులు తలనొప్పితో పడుకున్నాను. తర్వాత మళ్ళీ తాగుతూ, మూడు రోజులకోసారి పావు వంతు చొప్పున తగ్గించాను. రావాలనిపించినప్పుడు ఊపిరి వ్యాయామం చేస్తూ ఐదు నిమిషాలు ఆగడం, మరుసటి వారం పది. నెల తిరిగేసరికి రోజుకు 8 సార్లకు వచ్చింది. ఇన్ఫెక్షన్ లేదని పరీక్షలో తేలాకే ఈ ఆపుకోవడం మొదలుపెట్టాలి.

చేసి మానేసినవి, అసలు చేయనివి

ఆముదం తడిపిన బట్ట పొత్తికడుపు మీద వేసి పైన వేడి పెట్టడం పది రోజులు చేశాను. వేడి ఇచ్చిన హాయే వచ్చింది, నూనె కలిపినందుకు అదనంగా వచ్చింది బట్టల మీద మరకలు. యోనికి ఆవిరి పట్టడం, లోపల కషాయాలతో కడగడం చేయలేదు, చేయనివ్వను కూడా. మొదటిదానితో కాలుతుంది. రెండోది లోపల మేలుచేసే సూక్ష్మజీవుల్ని కడిగేసి ఇన్ఫెక్షన్ పైకి పాకడానికి దారి చేస్తుంది. మిరియాల సారం కలిపిన ఎక్కువ మోతాదు పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారని డాక్టరు చెప్పడంతో కొన్న సీసా అలాగే పక్కన పెట్టాను.

టెన్స్ మెషీన్ (చర్మానికి అంటించే ప్యాడ్లతో సన్నటి కరెంటు పంపి నొప్పి తగ్గించేది) ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ప్యాడ్లు నడుము కింద రెండు పక్కలా, 100 హెర్ట్జ్, గట్టిగా జివజివలాడేంత కానీ నొప్పి పుట్టనంత, అరగంట. నెలసరి రెండో రోజు బాగా ఆదుకుంది, తీసేసిన గంటకు మళ్ళీ మామూలే. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు వాడకూడదు. ప్యాడ్ల జిగురు ఎండిపోతే కరెంటు ఒక చోటే చురుక్కుమంటుంది, వేలితో రెండు చుక్కల నీళ్ళు రాస్తే సరి.

ఖర్చంతా కలిపితే బ్యాగు, పీట, బంతి, ఇసబ్‌గోల్ ఒక ఎత్తు, ఫిజియోథెరపీ ఆరు సిట్టింగులు ఇంకో ఎత్తు. తక్కువలో తేల్చుకోవాలంటే మొదటి రెండు సిట్టింగులు మానుకోవద్దంటాను. మిగతా నాలుగూ నేను సరిగా చేస్తున్నానో లేదో చూసుకోవడానికే.

జూన్ 6న తొమ్మిది గంటలు కూర్చుని ప్రయాణం చేశాను. మర్నాటికి 8. అంతా మళ్ళీ మొదటికొచ్చిందని ఆ రాత్రి నిద్రపోలేదు. అలాంటి రోజుల కోసం ఫిజియో రాయించిన పేజీ ఒకటుంది: సాగదీసే భంగిమలు ఆపు, ఊపిరి మాత్రం రోజుకు నాలుగుసార్లు, నడుము కింద కాపడం రెండుసార్లు, అరగంటకోసారి లేచి నడువు, ఇసబ్‌గోల్ మానొద్దు, 72 గంటలు ఆగి అప్పుడు అంకె చూడు. మూడో రోజుకు 5, ఆరో రోజుకు 3.

జూలై 11న నోట్‌బుక్ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నెలకొక వరుస చొప్పున ఒక్క కాగితం మీదికి ఎక్కించుకుని వెళ్ళాను, అదే మంచిదైంది, ఆ ఒక్క కాగితమే చూశారు. సాయంత్రాల నొప్పి 5 నుంచి 2కి దిగింది. నెలసరి కొండ మాత్రం 8 నుంచి 6కే. "వదులు చేస్తే తగ్గేది తగ్గింది. ఈ మిగిలింది వేరే" అని, ఎండోమెట్రియోసిస్ అనుమానంతో మూడు నెలలకు హార్మోన్ మాత్రలు రాశారు. తగ్గకపోతే లాపరోస్కోపీ (పొట్టకు చిన్న కోత పెట్టి కెమెరాతో లోపల చూసే ఆపరేషన్) గురించి మాట్లాడదామన్నారు. జనవరిలో ఈ మాట విని ఉంటే కుంగిపోయేదాన్ని. ఇప్పుడు ఏ నొప్పికి ఏ మందో తెలుస్తోంది.

నోట్‌బుక్‌లో మాత్ర వేసుకున్న టైముకు కొత్త గడి గీశాను. ఇవాళ ఆరో రోజు. ఉదయం 1, మధ్యాహ్నం 2. రాత్రిది ఇంకా రాయలేదు.